ఐదో పాఠం

గ్రంథాలయంలో అందరూ ఆమెను జిగురక్క అనేవారు. బైండింగు గదికి వచ్చీ రాగానే పిండి ఉడికించి జిగురు చేసుకోవడం ఆమె మొదటి పని. ఆ వాసన ఎంత కడిగినా చేతుల్ని వదిలేది కాదు. కౌంటరు గుమస్తా వయసులో ఆమెకన్నా పెద్దవాడే అయినా అక్క అనే పిలిచేవాడు. "నువ్వు పట్టుకున్నదేదీ వదలవు కదా, పేరు సరిపోయింది" అనేవాడు.

ఆమెకు పని నేర్పింది పాత మేస్త్రి. ఆయన చెప్పిన నియమాల్లో మొదటిది, బైండరు చదవకూడదని. "చదవడం మొదలెట్టావంటే సూది ఆగిపోద్దమ్మాయ్. అంకె చూడు, మాట చూడకు" అనేవాడు. పుస్తకమంటే మడిచిన కాగితాల కట్టలే, ప్రతి కట్ట అడుగున ఒక మూల చిన్న అంకె ఉంటుంది. ఒకటి, రెండు, మూడు అని వరసగా పేర్చుకుని కుట్టేయడమే. మేస్త్రి పోయాక ఆ గదిని ఆమె ఒక్కతే నడిపింది. గోడ పొడుగునా ఉన్న బీరువాల్లో సగం పుస్తకాలు ఆమె చేతి కుట్టువే. వాటిలో ఏముందో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని అనిపించనూ లేదు.

ఒకరోజు పెద్దమేడమ్ పిలిచి కూర్చోమంది. గ్రంథాలయానికి అధికారి ఆవిడే. కూర్చోమన్నదంటే మంచి మాట కాదని జిగురక్కకు అర్థమైంది.

"బైండింగు గది మూసేస్తున్నారు. చిరిగిన పుస్తకం తీసేసి కొత్తది కొనడమే తేలికంటున్నారు పైవాళ్ళు."

"మరి నేను మేడమ్?"

పెద్దమేడమ్ కళ్ళజోడు తీసి తుడిచింది. "ఒక్కటే దారుంది. అది దారో కాదో నాకూ తెలీదు."

కౌంటరు వెనక చిన్న గదిలో పాత కంప్యూటరు ఒకటి ఉంది. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో, ఎవరు తిరిగివ్వలేదో అన్నీ అందులోనే. దాన్ని నడిపే ప్రోగ్రాము ఎప్పుడో ఒకాయన రాసిపెట్టి రిటైరయ్యాడు. దాన్ని చూసుకునే ఉద్యోగి కూడా ఈ మధ్యే మానేశాడు. ఇప్పుడది మొరాయిస్తే ఆపి, మళ్ళీ వెలిగించి, లేస్తుందా లేదా అని ఊపిరి బిగబట్టి చూడటమే. దాన్ని తీసేసి పనంతా బయటి కంపెనీకి అప్పజెప్పాలని పాలకమండలి అనుకుంటోంది.

"ఆ భాష వచ్చినవాళ్ళు మన స్టాఫులోనే ఒకరుంటే యంత్రాన్ని ఉంచుకుందామని చెప్పి, ఏడాది చివరిదాకా గడువు అడిగాను. ఒప్పుకున్నారు. బైండింగు గదీ అప్పటిదాకా ఉంటుంది. నేర్చుకుంటే ఆ కుర్చీ నీది."

"నాది స్కూలు చదువే మేడమ్."

"తెలుసు. కౌంటరాయన తనవల్ల కాదన్నాడు. ఇంకెవరైనా ఉంటే నిన్నడిగేదాన్ని కాదు."

జిగురక్క ఆ మాటను అవమానం అనుకోలేదు. ఇంటద్దె ఆమె జీతంలోంచే పోయేది. భర్త బడి పిల్లల వ్యాను నడుపుతాడు. బడులు తెరిచి ఉన్నన్నాళ్ళే అతనికి పని.

ఆ భాష ఇప్పుడెవరూ నేర్పరు. కొత్త పుస్తకాల్లో దాని ఊసే లేదు. కింది హాల్లో మాత్రం రెండు ఎర్ర అట్టల పుస్తకాలు దొరికాయి. పూర్వం ఒక సంస్థ పోస్టులో పంపిన కంప్యూటరు పాఠాలు అవి. ఒక్కో పాఠం పదహారు పేజీల విడి కట్టగా వచ్చేది. ఒక్కో భాషకు ఒక్కో పుస్తకం. మొదటి దానిలో ఉన్నది గ్రంథాలయం యంత్రానికి తెలిసిన భాషే. రెండోది వేరే భాష, దానితో ఆమెకు పని లేదు. వాటిని చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టింది. పైపు పగిలి కింది హాలంతా నీళ్ళు నిండిన ఏడాది, తడిసిన కట్టలన్నిటినీ ఆరబెట్టి తనే కుట్టిన పుస్తకాలు. పై అంచులకు నల్లగా బూజు పడితే మిగతా పుస్తకాలకు అంటుకుంటుందని కత్తిరించి పారేసింది. కుట్టు ఇంకా బిగువుగా ఉంది. వేలితో లాగి చూసి లోలోపల సంతోషపడింది.

చిన్న గదిలో యంత్రాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. రోజంతా కౌంటరు పని దానిమీదే. ఆగిందంటే బయట వరస పెరిగిపోతుంది. పుస్తకం మొదటి పేజీలో మాత్రం, కంప్యూటరు అందుబాటులో లేనివారు దిగులుపడనక్కరలేదు, కాగితం, పెన్సిలు, ఓపిక ఉంటే చాలు అని రాసి ఉంది. ఆమె ఆ మాట నమ్మింది. నమ్మకపోతే చేసేదేముంది?

"ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకుంటానంటున్నావు" అన్నాడు భర్త.

"మీరు నీళ్ళు తెచ్చివ్వండి, దూకుతాను" అంది.

సాయంత్రాలు వంటింట్లో నేల మీద కూర్చుని చదివేది. రెండో పాఠంలో, యంత్రం లోపల డబ్బాల్లాంటివి ఉంటాయని, వాటికి పేర్లు పెట్టి విలువలు దాచుకోవచ్చని ఉంది. ఆమె లేచి అలమరలోంచి మూడు డబ్బాలు దించి లోపలున్నవి గిన్నెల్లోకి ఒంపింది.

అత్తగారు గుమ్మంలోంచి చూసింది. "ఏమే, ఇల్లు ఖాళీ చేస్తున్నామా?"

"కాదత్తయ్యా. ఇది ఏ, ఇది బి, ఇది సి. నేను చదువుతాను, మీరు గింజలు వేయండి."

"ఇన్నాళ్ళూ ఉప్పుని ఉప్పే అనుకున్నాను. ఇవాళ్టినుంచి బి అన్నమాట." అలా అంటూనే ఆవిడ మోకాళ్ళు పట్టుకుని కూలబడింది.

"ఏ లో ఉన్నదాన్ని తియ్యండి. దానికి ఒకటి కలపండి. మళ్ళీ ఏ లోనే పెట్టండి."

"ఉన్నదంతా తీసి, ఒకటి కలిపి, మళ్ళీ అందులోనే పొయ్యాలా? పైనుంచి ఒక గింజ పడేస్తే పోదూ?"

"యంత్రానికి అలా తెలీదత్తయ్యా. ఒక్కొక్కటీ విప్పి చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, సొంతంగా ఏదీ చెయ్యదు."

"మీ మామయ్యలాంటిదే అయితే" అంది అత్తగారు. కోడలు నవ్వాపుకోలేక పెన్సిలు జారవిడిచింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో యంత్రం అత్తగారే. ప్రతి వాక్యం ముందు ఒక నంబరు ఉంటుంది. పదో లైను, ఇరవయ్యో లైను. ఇరవై నుంచి అరవైకి వెళ్ళమంటే అత్తగారు మధ్యలోవి వదిలేసి అరవయ్యో లైను ఏమిటని అడిగేది. నాలుగు పాఠాలు అలా గడిచాయి.

ఐదో పాఠంలో నంబర్లు లేవు. ఒక పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం ఎలాగో చెప్పే పాఠం అది. బిగిన్ అని మొదలుపెట్టి, చేయవలసినవి చెప్పి, ఎండ్ అని ముగిస్తున్నారు. జిగురక్క ఒక పూటంతా ఆలోచించింది. చంటిపిల్లలకు నడక వచ్చేదాకా తోపుడు బండి ఇస్తారు. నడక వచ్చాక తీసేస్తారు. నంబర్లు కూడా అలాంటివే అయ్యుంటాయి అనుకుంది. ఆరో పాఠమూ అంతే, నంబర్లు లేవు. ఏడో పాఠంలో మళ్ళీ కనబడ్డాయి. బరువైన పనికి మళ్ళీ ఆసరా కావాలేమో అని సర్దిచెప్పుకుంది.

"ఇది బాగుందే. మనుషులు మాట్లాడుకున్నట్టుంది" అంది అత్తగారు బిగిన్, ఎండ్ విని. "ఆ నంబర్ల గోల కన్నా ఇదే నయం."

నెలలు గడిచేకొద్దీ జిగురక్క సొంతంగా ప్రోగ్రాములు రాసింది. తిరిగిరాని పుస్తకాల జాబితా తీయడం, ఒకే మనిషి పేర ఉన్నవన్నీ ఒకచోట చేర్చడం. నంబర్లు కావలసినచోట నంబర్లు, బిగిన్‌లు కావలసినచోట బిగిన్‌లు. అత్తగారు గింజలు కదిపేది. లెక్క తప్పేది కాదు. బడి పుస్తకాలు కాక తన జీవితంలో చదివిన మొదటి పుస్తకం అదేనని, అది తను కుట్టిందేనని జిగురక్క ఎవరితోనూ అనలేదు గాని, మధ్యాహ్నం బైండింగు గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు పాఠాలు పైకి వల్లించుకునేది. చేతులు వాటంతటవే పని చేసుకుపోయేవి.

"అక్కా, ఆ కుర్చీలో కూర్చున్నాక మమ్మల్ని గుర్తుపెట్టుకుంటావా?" అన్నాడు గుమస్తా.

"నీ పేరు డబ్బాలో వేసి మూత పెడతాలే" అంది.

గడువు దగ్గరపడ్డాక పెద్దమేడమ్ ఆ పాత ప్రోగ్రామరును బతిమాలి ఒక పూట పిలిపించింది. చేతికర్ర ఆనించుకుని నడిచే మనిషి. చిన్న గదిలోకి వచ్చి యంత్రం మీద చెయ్యి వేసి, "ఇంకా ఉన్నావా!" అన్నాడు. తర్వాత జిగురక్కను చూశాడు. "ఏదీ, తిరిగిరాని పుస్తకాల జాబితా తీయమ్మా."

ఆమెకు కంఠతా వచ్చిన ప్రోగ్రామే అది. అక్షరాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ ఒక్క వేలితో కొట్టింది. చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. చివరి మీట నొక్కగానే తెర మీద ఒకే ఒక్క లైను వచ్చింది. తప్పు.

"అక్షరం ఏదైనా పోయిందేమో చూడు" అన్నాడాయన.

చూసింది. పోలేదు. ఆయన ముందుకు వంగి తెర చూశాడు. చూస్తూ చూస్తూ కనుబొమలు ముడిచాడు.

"ఈ బిగిన్ ఎక్కడిదమ్మా? ఈ యంత్రానికి ఆ మాటే తెలీదు."

"ఐదో పాఠంలో ఉంది సార్."

"ఉండదు."

"ఉంది సార్. తెస్తాను."

తెచ్చి తెరిచి చూపించింది. ఆయన ఐదో పాఠం చదివి, వెనక్కి నాలుగుకి వెళ్ళి, ముందుకు ఏడుకి వచ్చాడు. "దీనికి జత పుస్తకం ఉండాలే" అన్నాడు. రెండోదీ తెచ్చింది. ఆయన రెండింటినీ పక్కపక్కన పరిచి, ఐదో పాఠం దగ్గర ఒక్కోదాని మీద ఒక్కో అరచెయ్యి పెట్టాడు. ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు.

"ఇదెక్కడి సంతానమమ్మా! తల ఒకరిది, మొండెం ఒకరిది. ఐదు, ఆరు, ఈ రెండు కట్టలూ అటువి ఇటు, ఇటువి అటు కుట్టేశారు. నువ్వు నేర్చుకున్న భాష ఈ లోకంలో ఏ యంత్రానికీ రాదు. ఎవడు బైండు చేశాడు దీన్ని?"

గుమస్తా నేలకేసి చూశాడు. పెద్దమేడమ్ కిటికీకేసి చూసింది.

"నేనే సార్."

ఆయన నవ్వు ఆగిపోయింది. "పోనీలే" అన్నాడు. పేజీ పై అంచు తడిమాడు. "ప్రతి పేజీ తల మీదా భాష పేరు ఉండేది. ఎవరో కత్తిరించేశారు. అది ఉంటే తెలిసిపోయేది."

కట్టల అడుగున అంకె రెండు పుస్తకాలకూ ఒకటే. ఐదు, ఆరు. ఆమె అంకే చూసింది, మాట చూడలేదు.

"ఇప్పుడు సరిచేసుకుని నేర్చుకుంటే?" అంది పెద్దమేడమ్. "పాలకమండలి కూర్చునేది వారం చివర."

"మిగతా పాఠాలన్నీ నిలబడేది ఆ రెండింటి మీదే. కొత్తగా నేర్చుకునేవాళ్ళకైతే వారం చాలొచ్చు" అన్నాడాయన. కర్ర అందుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే జిగురక్క రెండు పుస్తకాల కుట్లూ విప్పింది. ఐదు, ఆరు కట్టలు మార్చి మళ్ళీ కుట్టింది. ఈసారి ప్రతి పేజీ చదివింది. అసలైన ఐదో పాఠంలో నంబర్లు ఉన్నాయి. పనిని మళ్ళీ చేయించాలంటే వెనకటి లైనుకు పంపాలి. ఎప్పుడు ఆగాలో కూడా మనమే చెప్పాలి. చెప్పకపోతే అది ఆగదు.

సాయంత్రం డబ్బాలు దించింది. "అత్తయ్యా, మళ్ళీ మొదటినుంచి చేద్దాం."

"చేద్దాం. నాకు మాత్రం వేరే పనేముంది?"

నలభయ్యో లైనుకు వెళ్ళమని చదివింది. అత్తగారు వెళ్ళి, 'ఏ' డబ్బాలో గింజలు ఒక్కొక్కటీ 'బి' లోకి మార్చి, 'ఏ' ఖాళీ కాగానే చేతులు దులుపుకుంది.

"ఆగమని నేను చెప్పలేదు కదా, ఎందుకాగారు?"

"అయిపోయాయి కనక ఆగాను. ఖాళీ డబ్బాలో చెయ్యి పెట్టి కూర్చోమంటావా?"

జిగురక్క కాగితం చూసుకుంది. ఆగమని చెప్పే లైను రాయడం తనే మరిచిపోయింది. మళ్ళీ రాసింది. ఈసారి నంబరు వేసిన లైనులోనే బిగిన్ అని రాసేసింది. కొట్టేసింది. మరోటి రాసింది. అందులో చివర ఎండ్ వచ్చి కూర్చుంది. కాగితం నిండా కొట్టివేతలే.

"పని అవుతోంది కదే. అలా రాసినా ఇలా రాసినా నాకు తెలుస్తూనే ఉంది" అంది అత్తగారు.

"మీకు తెలుస్తుందత్తయ్యా. మీరు కనక తెలుస్తోంది."

అత్తగారికి ఆ మాట పొగడ్తలా వినిపించింది. ఇన్ని నెలలూ తను ఏం రాసినా అత్తగారు దాని ఉద్దేశం చూసి చేసుకుపోయిందని జిగురక్కకు అప్పుడు తెలిసింది. నంబరుతో చెప్పినా, నంబరు లేకుండా చెప్పినా, సగం చెప్పి ఆపేసినా ఆవిడ గింజలు సరిగానే కదిపింది.

భర్త వ్యాను కడుక్కుని లోపలికి వచ్చి, పరిచి ఉన్న డబ్బాల్ని, ఆమె మొహాన్ని చూసి, చప్పుడు కాకుండా పక్కనుంచి నడిచి వెళ్ళాడు. ఈత మాట ఎత్తుతాడని ఆమె ఎదురుచూసింది. ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆ పూట కాస్త తేలిగ్గా ఉండేది.

పాలకమండలి కూర్చునే రోజు పెద్దమేడమ్ ఆమెను తలుపులు తెరవకముందే చిన్న గదిలోకి రానిచ్చింది. "ఎవరికీ చెప్పకు. చిన్నది, ఏదో ఒకటి పనిచేస్తే చాలు. నేను పైవాళ్ళకి అదే చూపించి మాట్లాడతాను."

జిగురక్క చిన్నదే రాసింది. ప్రతి లైనుకూ నంబరు వేసింది. బిగిన్ రాలేదు, ఎండ్ రాలేదు. కొట్టిందంతా రెండుసార్లు చదువుకుని మీట నొక్కింది. ఈసారి తప్పని రాలేదు. తెర మీద మొదటి పుస్తకం పేరు వచ్చింది. పెద్దమేడమ్ ఆమె భుజం పట్టుకుంది. మళ్ళీ అదే పేరు వచ్చింది. మళ్ళీ అదే. తెర నిండిపోయి పైకి జరుగుతూ అదే పేరు వస్తూనే ఉంది. ఆగమని చెప్పే లైను ఉంది గాని, పని అక్కడిదాకా వెళ్ళదు. అంతకు ముందు లైనే దాన్ని వెనక్కి పంపేస్తోంది.

"ఆపు" అంది పెద్దమేడమ్.

ఎలా ఆపాలో ఏ పాఠంలోనూ లేదు. కాగితం మీద నేర్చుకునేవాళ్ళకు ఆపవలసిన అవసరం రాదు. మీటలన్నీ నొక్కి చూశారు. చివరికి గుమస్తా వచ్చి కరెంటు తీసేశాడు. మళ్ళీ వెలిగిస్తే లేవలేదు. బయట తలుపులు తెరిచారు. వరస కౌంటరు దగ్గర మొదలై మెట్లదాకా పెరిగింది. ఒక ముసలాయన తెచ్చిన పుస్తకాన్ని కౌంటరు మీద తడుతూ, "తిరిగిచ్చేవాడికి కూడా శిక్షేనా?" అన్నాడు. మధ్యాహ్నానికి యంత్రం దానంతట అదే లేచింది. అప్పటికే పాలకమండలి వాళ్ళు ఆ వరసను దాటుకుని పై అంతస్తుకు వెళ్ళారు.

పెద్దమేడమ్ పైనుంచి దిగి వచ్చేసరికి జిగురక్క బైండింగు గదిలో నిలబడే ఉంది.

"కంపెనీకే ఇచ్చేశారు. నేను ఇంకేం మాట్లాడలేకపోయాను."

"మీరేం చేస్తారు మేడమ్."

"ఎక్కడైనా ఏదైనా ఉందని తెలిస్తే కబురు చేస్తాను."

"సరే మేడమ్."

ఎక్కడా ఏమీ ఉండదని ఇద్దరికీ తెలుసు. పెద్దమేడమ్ వెళ్ళకుండా కాసేపు బల్ల మీది కత్తెరల్ని సర్ది, అప్పుడు వెళ్ళింది.

కొన్నాళ్ళకు కంపెనీవాళ్ళు వచ్చారు. జిగురక్కకు అది దాదాపు ఆఖరి రోజు. మిగిలిపోయిన పుస్తకాలు కట్టలు కట్టి గోడౌనుకు పంపే పనిలో ఉంది. ఇద్దరు మనుషులు యంత్రాన్ని చెరో వైపు ఎత్తి పట్టుకుని వరండాలోకి తెచ్చారు. చివరి తలుపు స్ప్రింగుది. తోసినకొద్దీ తిరిగి మూసుకుంటోంది.

"అక్కా, కాస్త ఆ తలుపు పట్టుకుంటావా?" అన్నాడు వాళ్ళలో ఒకడు.

చేతిలో తాడు కింద పెట్టి వెళ్ళి, తలుపును వీపుతో ఆనించి నిలబడింది. వాళ్ళు పక్కకు తిరిగి, జాగ్రత్తగా ఒక్కో అడుగు వేసుకుంటూ బయటికి నడిచారు. యంత్రం వెనకనుంచి తీగ ఒకటి జారి నేల మీద ఈడ్చుకుపోతోంది. ఎవరి కాలికైనా తగిలితే పడతారు. ఆమె వంగి దాన్ని తీసి, చుట్ట చుట్టి, యంత్రం మీద పెట్టింది.